ఒక్క దినపు సేవ

గంభీరావుపేట సీతారామస్వామివారి దేవాలయమున ఒక నందాదీపము కలదు. అది ఏడు వందల యేండ్లకు పైగా ఆరక వెలుగుచున్నదని ఆ యూరివారు చెప్పుకొందురు. దీపమును వెలిగించినవారిని తలచుకొనుట సులభము. కాని నాటినుండి నేటివరకు ప్రతిదినము నూనె పోసి, వత్తి ఎగదోసిన చేతులు ఎన్నియో లెక్కించుట కష్టము. ఆ చేతుల పేర్లు ఏ శాసనమునను కనబడవు. ఐనను దీపము నిలిచినది వారివలననే. మేము నేడు చెప్పదలచిన విషయమునకు ఆ దీపముతో కొంత సంబంధము కలదు.

విషయమిది. విదేశములలోని క్రైస్తవ సంఘములు కొన్ని తమ సభ్యులను, ముఖ్యముగ యువతీయువకులను, పది పదునైదు దినముల సేవాయాత్రకు దూరదేశములకు పంపుచుండును. ఆ యాత్రలో ఒకటి రెండు దినములు పిల్లల సేవకై కేటాయింపబడును. ఒక్క అమెరికానుండియే ఇట్టి యాత్రలకు ఏటేట లక్షల మంది బయలుదేరుదురు. మధ్య అమెరికాకు, ఆఫ్రికాకు, ఆగ్నేయాసియాకు పోవువారు పోగా, మన దేశమునకును కొందరు వత్తురు. సముద్రములు దాటి వచ్చినవారు ఒక్క దినములో మన పిల్లలకు చేయగల మేలేమి? మేలు చేయుచున్నామనుకొని పొరపాటున చేయు కీడు ఏమైన కలదా? ఈ ప్రశ్నలను ఒక తెలుగు పల్లె అరుగుమీద కూర్చుండి ఆలోచించుట మా ఉద్దేశము.

గంభీరావుపేట పూర్వపు కరీంనగరు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి అది రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రముగ నున్నది. ఈ మండలములోని నర్మాలవద్దనే మానేరునకు కట్టిన ఎగువ మానేరు ఆనకట్ట యున్నది. సేద్యము, సిరిసిల్ల మరమగ్గములు, ఆడవారు ఇంటియొద్ద చుట్టు బీడీలు ఈ ప్రాంతపు బ్రతుకుతెరువులు. అవి చాలనప్పుడు మరియొక తెరువు కలదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి దుబాయికి, మస్కటుకు, సౌదీకి, కువైటుకు పోయి కష్టము చేయువారు ఎందరో యున్నారు. అందుచేత ఇచ్చటి పిల్లలలో అనేకులకు విదేశమనగా భూగోళపటములో రంగు పూసిన చోటు కాదు. అది బాపు పోయిన చోటు. ఆయన రెండేండ్లకో మూడేండ్లకో ఒకసారి వచ్చును. పెట్టె తెరచి మిఠాయిలు, బొమ్మలు పంచును. ఇల్లంతయు కొన్ని వారములు పండుగవలె నుండును. పిమ్మట ఒకనాటి రాత్రి వాకిట కారు నిలుచును. తెల్లవారునప్పటికి ఆయన మంచము ఖాళీగ నుండును.

ఇట్టి పిల్లలకు రాకపోకల భాష బాగుగ తెలియును. మిఠాయిపొట్లముతో వచ్చి, ఎత్తుకొని ముద్దుచేసి, సాయంకాలమునకు వెడలిపోవు క్రొత్త మనుష్యుని వారు ఆ భాషలోనే చదువుకొందురు. ఈ సంగతిని గుర్తుంచుకొని ముందునకు పోవుదము.

అట్టి సేవాదినము ఒకటి ఎట్లు గడచునో ఊహించి చూతము. ఇటువంటి పల్లెయొకదానికి ఉదయము ఎనిమిది గంటలకు ఒక వ్యాను వచ్చినదనుకొనుడు. అందులో పండ్రెండుమంది అతిథులు, స్థానిక సంఘపు పాస్టరుగారు, ఇంగ్లీషును తెనుగు చేయుటకు ఒక దుబాసీ. పిల్లలు వారికంటె ముందే వచ్చి కూర్చుందురు. మొదట చేతులు త్రిప్పుచు, ఎగురుచు పాడు పాటలు. వీనికి భాష అక్కరలేదు. ఆ గంటసేపు అందరును నవ్వుదురు. తరువాత కథ. అతిథి ఒక వాక్యము చెప్పును, దుబాసీ ఒక వాక్యము చెప్పును. మూడవ వాక్యమునకు చిన్నపిల్లల చూపు చెట్టుమీది ఉడుతవైపు తిరుగును. పిమ్మట రంగు కాగితములతో బొమ్మలు, మధ్యాహ్నము భోజనము, చేతులు కడుగుకొనుటను పండ్లు తోముకొనుటను గూర్చిన పాఠము. వైద్యము తెలిసినవారు బృందములో నున్నచో బరువు తూచుట, కండ్లు చూచుట, మందులు ఇచ్చుట. సాయంకాలము బహుమానపు సంచులు, ఫోటోలు, వీడ్కోలు. వ్యాను కదలునప్పుడు ఒక బాలిక కిటికీకడకు పరుగెత్తి, "అక్కా, మళ్ల ఎప్పుడొస్తవు?" అని యడుగును. దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులోనికి మార్చునప్పటికి లోపలి యువతి కండ్లు చెమర్చును. ఆమె "త్వరలోనే" యనును. ఆ మాట నిజము కావలెనని ఆమె మనసారా కోరుకొనును. కాని ఆమెకు తిరిగివచ్చు వీలు లేదని పెద్దలందరికిని తెలియును.

ఈ దినమును ఎగతాళి చేయుట మా అభిమతము కాదు. అంత దూరమునుండి సొంత సొమ్ము వెచ్చించి, సెలవులు మానుకొని, ఎండలో పరాయి పిల్లలతో ఆడుకొనుట సామాన్యము కాదు. ఆ దయ నిజమైనది. అయితే దయ నిజమైనంతమాత్రమున పని సఫలమగునా? దీనికి సమాధానము వెదకవలెనన్న, దూరమునుండి వచ్చి సేవచేసిన పూర్వులెట్లు చేసిరో చూడవలెను. అందులకు ఎక్కువ దూరము పోనక్కరలేదు.

గంభీరావుపేటకు నైరృతి దిక్కున మెదకు కలదు. ఇంగ్లండునుండి వచ్చిన వెస్లియను మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ అచ్చట దశాబ్దములపాటు పనిచేసి 1939లో స్వదేశమునకు మరలెను. కరవు రోజులలో ప్రజలకు కూలి దొరకుటకై ఆయన కట్టడపు పనిని సాగించెనని ప్రసిద్ధి. ఆ కట్టడమే ఎత్తైన గోపురముతో నేటికిని నిలిచియున్న మెదకు చర్చి. దానిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరి. మేము ఇచ్చట గమనించవలసినది గోపురపు ఎత్తు కాదు. ఆకలిగొన్న ఇంటికి అన్నపుపొట్లము ఒకనాటికి సరిపోవును. తండ్రికి ఏండ్లతరబడి కూలి దొరకినచో పిల్లల కంచములో మెతుకు ఏండ్లతరబడి యుండును.

వాయవ్యదిశలో, నిజామాబాదు సమీపమున, డిచ్‌పల్లి యున్నది. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో భర్త జార్జితో కూడ ఈ దేశమునకు వచ్చెను. కుష్ఠురోగులను చూచి ఆమె మనస్సు ఆ వ్యాధివైపు తిరిగెను. ఆ దంపతుల కృషిని చూచి నిజామాబాదునకు చెందిన దాత రాజా నర్సాగౌడు గారు విరాళమిచ్చిరి. 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆసుపత్రి ఏర్పడెను. ఆ కాలమున ఆ వ్యాధికి చాల్‌మూగ్రా నూనె సూదిమందుగ ఇచ్చెడివారు. అది ఒక దినమున ముగియు చికిత్స కాదు. వారమువారము, నెలనెల సాగవలసినది. వైద్యురాలు ఊరిలో నివసింపనిదే ఆ సూదిమందునకు అర్థము లేదు. తల్లికి నయమైనచో ఆమె బిడ్డకు ఇల్లు నిలిచినట్లే. పైగా, విదేశీయురాలి విద్యకు స్వదేశీయుని ధనము తోడుపడుటచేతనే ఆ సంస్థ వేరూనినది.

ఆగ్నేయమున డోర్నకల్లు. అచ్చటికి వచ్చినవారు తెల్లవారు కారు, తిరునల్వేలి తమిళులు. 1903లో వారు తమ సొంత చందాలతో ఒక మిషనరీ సంఘము స్థాపించుకొని, నిజాం రాజ్యములోని తెలుగు పల్లెలను సేవాక్షేత్రముగ ఎన్నుకొనిరి. ఆ సంఘ స్థాపకులలో ముఖ్యుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే డోర్నకల్లునకు తరలివచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరులో బిషప్పయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయనయే. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము పలువురను నొప్పించెను. విదేశీయులు ధనమును, శ్రమను, ప్రాణమునుగూడ అర్పించిరని కృతజ్ఞత తెలుపుచునే, వానితోపాటు స్నేహమును కూడ ఇయ్యుడని ఆయన కోరెను. అనగా, పైనుండి చేయి చాచి ఇచ్చుట వేరు, ప్రక్కన కూర్చుండుట వేరు అని ఆయన భావము.

మనవారు ఎల్లప్పుడు పుచ్చుకొన్నవారే కారు; పోయి సేవచేసినవారును కలరు. మదరాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు తీరమున మొదటి భారతీయ కూలీలను దింపెను. తరువాతి కాలములో తెలుగు కుటుంబములు అనేకము చెరకుతోటలకు, తేయాకు తోటలకు ఒడంబడిక కూలీలుగ పోయెను. వారి పిలుపును విని, తెలుగు బాప్టిస్టు హోమ్ మిషను వారు 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలునకు పంపిరి. ఆ యేటి చివర కియర్స్నీ తేయాకు తోటలలో తెలుగు కూలీల మధ్య ఆయన ఒక సంఘమును స్థాపించెను. 1915లో మరణించునంతవరకు వారి నడుమనే యుండెను. తెలుగువారు తెలుగువారికై సముద్రము దాటి చేసిన ఈ సేవను మనలో చాలమంది ఎరుగరు. తోటలో పుట్టి తల్లిదండ్రుల ఊరిని చూడని బిడ్డలకు, ఇంటి భాషలో పలుకరించు పెద్దయొకడు దొరకుట ఎంత గొప్ప విషయమో ఊహించుకొనవచ్చును.

ఈ నలుగురి చరిత్రలలోను సామాన్యమైన లక్షణములు మూడు కానవచ్చును. వారు ప్రజల భాషలో మాటలాడిరి. పని ముగియుటకు ఎన్ని యేండ్లు పట్టునో అన్ని యేండ్లు ఉండిరి. తమ వెనుక పనిని నడపుటకు అచ్చటివారిని నిలిపిరి. ఓడప్రయాణము వారములు పట్టు ఆ కాలమున ఇట్లు చేయుట ఒక విధముగ తప్పనిసరియే. అంత దూరము వచ్చినవాడు ఒక్క దినమునకు రాడు గదా! నేడు విమానము ఒక్క దినములో భూగోళపు సగమును దాటించుచున్నది. ప్రయాణము చిన్నదైనది, దానితో సేవయు చిన్నదైనది. కాని పిల్లవాడు పెరుగుటకు పట్టు కాలము మాత్రము చిన్నది కాలేదు.

అట్లయిన ఒక్క దినపు సేవ వ్యర్థమేనా? కాదు. ఒక్క దినములో చేయదగిన పనులు కలవు. వానిని గుర్తించుటకు ఒక చిన్న పరీక్ష చాలును: అతిథి వెళ్లిన మరునాడు ఆ పనిని ఎవరు కొనసాగింతురు? ఈ ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పగలిగినచో పని మంచిది. చెప్పలేకపోయినచో ఆగి ఆలోచింపవలెను.

కండ్ల పరీక్షను తీసికొందము. ఆరు మీటర్ల దూరమున అక్షరముల పటము వ్రేలాడదీసి, ఒక్కొక్క కన్ను మూసి చదివించినచో, నల్లబల్ల కనబడని పిల్లవానిని ఒక్క ఉదయములో కనుగొనవచ్చును. మందబుద్ధి యని దెబ్బలు తిన్నవాడు నిజమునకు చూపు ఆననివాడని తేలుట కొన్ని సందర్భములలో జరుగును. కాని కనుగొన్నంతమాత్రమున కంటికి అద్దము రాదు. కంటివైద్యుడు చూడవలెను, అద్దములు తయారు కావలెను, ఏడాదికొకసారి మరల పరీక్షింపవలెను. ఆ పిల్లల పట్టికను పాఠశాల ఉపాధ్యాయునికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు అప్పగించి పోయినచో ఆ ఉదయము సార్థకము. పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు పిల్లలను పరీక్షించుటకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013 నుండి నడచుచున్నది. పట్టిక అచ్చటికి చేరవలెను. అతిథి డైరీలో నిలిచిపోయినచో అది ఎవరికిని పనికిరాదు.

నులిపురుగుల మందు మరియొక ఉదాహరణము. ఆల్బెండజోలు మాత్ర చౌక, క్షేమకరము; రెండేండ్లు దాటినవారికి 400 మిల్లీగ్రాములు, ఏడాదినుండి రెండేండ్లలోపు వారికి అందులో సగము. ఇంత సులభము గనుక బృందములు దీనిని సంచిలో వేసికొని వచ్చును. కాని మన దేశమున 2015 నుండి నులిపురుగుల నివారణ దినమున పాఠశాలలలో, అంగన్‌వాడీలలో ఈ మాత్రనే ఉచితముగ ఇచ్చుచున్నారు. సాధారణముగ ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. పోయిన వారమే మాత్ర మ్రింగిన బిడ్డకు మరల ఎందుకు? ముందుగ అంగన్‌వాడీ టీచరును అడిగినచో ఈ ప్రశ్నయే పుట్టదు.

అతిథులలో నర్సులున్నచో వారు చేయగల ఉత్తమమైన పని, మా దృష్టిలో, పిల్లలకు చేయునది కాదు. పిల్లల తల్లులతో కూర్చుండి చేయునది. ఆరు నెలలనుండి అయిదేండ్లలోపు బిడ్డ దండచేతి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గినచో పోషణ చాలదని, 11.5కు తగ్గినచో ప్రమాదమని తెలుపు పట్టీ యొకటి కలదు. దానిని ఎట్లు చుట్టవలెనో పదిమంది తల్లులకు ఒక మధ్యాహ్నములో నేర్పవచ్చును. విరేచనములు పట్టిన బిడ్డకు పొట్లపు మందు దొరకనిచో, ఒక లీటరు శుభ్రమైన నీటిలో సమముగ కొలిచిన ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగ త్రాగించవలెనని చెప్పవచ్చును. వ్యాను పోయినను ఈ విద్య ఊరిలోనే యుండును.

ఇక కీడు సంగతి. అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసిన చోటు అనాథ శరణాలయము. వచ్చిన బృందమునకు అచ్చటి పిల్లలు వెంటనే దగ్గరగుదురు. ఒడిలో ఎక్కుదురు, చేయి విడువరు. చూచువారు దీనిని ప్రేమయని మురియుదురు. కాని నిలుకడగా చూచు తల్లి లేని బిడ్డ ఎవరిని చూచినను అట్లు అంటుకొనుట ఆరోగ్యచిహ్నము కాదని శిశుమనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రుమేనియా రాజధాని బుఖారెస్టులో శరణాలయములలోని 136 మంది శిశువులపై ఈ శతాబ్ది ఆరంభమున ఒక పరిశోధన జరిగినది. కొందరిని పెంపుడు కుటుంబములకు అప్పగించి, ఏండ్లతరబడి అందరి ఎదుగుదలను పోల్చి చూచిరి. కుటుంబములకు చేరిన పిల్లల బుద్ధివికాసము మెరుగైనది. రెండేండ్లలోపు చేరినవారికి మరింత మేలు కలిగినది. దీనిని బట్టి చూడగా, బిడ్డకు కావలసినది నెలకొక క్రొత్త ముఖము కాదు; ప్రతి ఉదయము కనబడు ఒకే ముఖము.

మరియొక చేదు నిజము కలదు. అతిథులు వచ్చుటవలన విరాళములు వచ్చునని తెలిసినచో, తల్లిదండ్రులున్న పిల్లలను కూడ శరణాలయములలో చేర్చి అనాథలుగ చూపు వ్యాపారము కొన్ని దేశములలో బయలుదేరినది. ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘము 2017లో దీనిని విచారించినది. ఐక్యరాజ్యసమితి మహాసభ 2019 డిసెంబరులో చేసిన తీర్మానమున, పిల్లలు కుటుంబములోనే పెరుగుటకు తోడ్పడవలెననియు, శరణాలయ సందర్శనపు యాత్రలవలని హానిని అరికట్టవలెననియు సభ్యరాజ్యములను కోరినది. కాబట్టి ధనము ఇయ్యదలచినవారు బిడ్డను ఇంటిలో నుంచుకొనుటకు కష్టపడుచున్న అవ్వకు, మేనత్తకు తోడుపడుట మేలు.

మన దేశపు చట్టములను కూడ గృహస్థులు కొంత ఎరిగియుండుట మంచిది. పర్యాటకునిగ వీసా పొంది వచ్చినవారు మతప్రచారము చేయరాదు. దానికి వేరు వీసా కలదు. విదేశీ విరాళములు 2010 నాటి చట్టము ననుసరించియే రావలెను. పిల్లలను ఉంచుకొని పోషించు సంస్థ ప్రతిదియు 2015 నాటి బాలల న్యాయచట్టము క్రింద నమోదు కావలెను. సంరక్షణలో నున్న బిడ్డ పేరు, ఫోటో పత్రికలలో ప్రకటింపరాదు. పిల్లలకు ఆపద కలిగిన 1098 అను నెంబరునకు ఫోను చేయవచ్చును. మరి మత విషయమున మన రాజ్యాంగము రెండు వైపులను కాపాడినది. ఇరువదియైదవ అధికరణము అంతఃకరణ స్వేచ్ఛను ఇచ్చినది. ఇరువదియెనిమిదవ అధికరణము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపుగల విద్యాసంస్థలో చదువు బిడ్డకు, సంరక్షకుని సమ్మతి లేనిదే మతబోధ చేయరాదు. కథ చెప్పదలచినవారు తల్లిని ముందుగ అడుగుట చట్టమునకే కాదు, మర్యాదకును తగును.

అడుగుట అనునదే ఈ విషయమునకంతటికిని కీలకము. ఎవరిని అడుగవలెను? పల్లెలో దినదినము పిల్లలకు సేవచేయుచున్నవారు ముందునుండియే యున్నారు. 1975 అక్టోబరు 2న దేశములో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీలు వెలసినవి. తెలంగాణలో ముప్పదియైదు వేలకు పైగా కేంద్రములు కలవు. అచ్చటి టీచరు ఏ బిడ్డ బరువు పోయిన నెలకంటె తగ్గినదో చెప్పగలదు. ఆశా కార్యకర్తకు ఏ ఇంట టీకా తప్పినదో తెలియును. మధ్యాహ్న భోజనము వండు ఆయమ్మకు ఏ పిల్లవాడు రెండవమారు అన్నమడుగుటకు సిగ్గుపడునో తెలియును. గంభీరావుపేటలో 2023 ఫిబ్రవరి 1న ప్రారంభమైన విద్యాప్రాంగణమున అంగన్‌వాడీ మొదలు డిగ్రీ కళాశాల వరకు ఒకే ఆవరణలో నున్నవి. మూడేండ్ల బిడ్డ అడుగుపెట్టి, పట్టభద్రుడై బయటికి వచ్చునంత కాలము ఆ గేటు తెరచియే యుండవలెను. ఇట్టి చోటికి వచ్చు అతిథి మొదట తట్టవలసిన తలుపు ఉపాధ్యాయులది.

మా పాఠకుల ఊరికి ఇట్టి బృందము రానున్నదని తెలిసినచో, లేక మీ యింటి బిడ్డలే అమెరికానుండి ఇట్టి యాత్రకు బయలుదేరుచున్నచో, నాలుగు మాటలు చెప్పుడు. వచ్చుటకు ముందు ఉత్తరము వ్రాసి అచ్చటి టీచరుకు ఏమి కావలెనో కనుగొనుడు. పంచదలచిన వస్తువులను మీ చేతితో కాక, తల్లిదండ్రుల చేతిమీదుగనో పాఠశాల ద్వారానో పంచుడు. బిడ్డ యెదుట ఇంటి పెద్ద చిన్నబోరాదు. ఫోటోకు ముందు అనుమతి అడుగుడు. నిలుపుకొనలేని మాట ఇయ్యకుడు. తెలుగు తెలిసినవారైనచో తెలుగుననే మాటలాడుడు. యాస కలిసినను ఫరవాలేదు, పిల్లలు నవ్వుదురు, ఆ నవ్వులోనే చుట్టరికము కలుపుకొందురు. వీలున్నచో మరుసటి యేడు కూడ ఆ యూరికే రండు. పది యూళ్లను ఒక్కొక్కసారి చూచుటకంటె ఒక్క యూరిని పదిమార్లు చూచుట మేలు.

ఇప్పుడు మరల ఆ వ్యాను కిటికీకడకు పోవుదము. "మళ్ల ఎప్పుడొస్తవు?" అని యడిగిన బాలికకు ఆ యువతి ఏమని బదులు చెప్పవలెను? మాకు తోచిన సమాధానమిది. "నేను రాలేనేమో తల్లీ. కాని మీ టీచరు రేపు వచ్చును. నేను నేర్పిన ఆట ఆమెకు కూడ నేర్పితిని." ఈ మాట విని బాలిక ఏడ్చిన ఏడ్వవచ్చును. కాని బాపు పోయిన నాటినుండి ఆమె వినుచున్న "త్వరలోనే" కంటె ఈ మాట బరువైనది, నమ్మదగినది.

నందాదీపమునకు ఒకనాడు దూరదేశపు యాత్రికుడెవడో వచ్చి గరిటెడు నూనె పోసినచో ఎవరును కాదనరు. ఆ నూనెయు వెలుగే. అయితే మరునాటి నూనె ఎవరు పోయుదురో వారి పేరు అడిగి, వారి చేతికి నూనెగిన్నె అందించి పోయిన యాత్రికుడు దీపమునకు నిజమైన మేలు చేసినవాడగును. పిల్లల విషయమునను అంతే.